వంకకు ఒక వంక

ఆదివారం పొద్దున మారియప్ప అందరికంటే ముందే వచ్చి లేఅవుటు గేటు దగ్గర నిలబడ్డాడు. టీచరు పూర్ణిమ నెలకొకసారి హోసూరు జనాన్ని వెంటబెట్టుకుని పిట్టలను చూపిస్తుంది. ఆమెతో వస్తేనే కాపలావాడు లోపలికి పోనిస్తాడు.

“ఏమప్పా, ఈ వయసులో పిట్టల పిచ్చి పట్టిందే!” పాత స్నేహితుడు సుబ్రమణి ఎగతాళి చేశాడు. “టీచరమ్మా, వీడు చేన్లో వడిసెల తిప్పి పిట్టల్ని తరిమినోడు. నమ్మొద్దు.”

“ఊఁ,” అన్నాడు మారియప్ప. ఆ చేను ఇప్పుడు ఈ లేఅవుటే.

ఇళ్ల వెనక, పొదల చాటున వంక ఒకటి పారుతోంది. రేపటినుంచి దానికి అడుగున, పక్కల సిమెంటు పోస్తారని విన్నాడు. ఆలోపల భార్య నంజమ్మ నీళ్లు తోడిన ఇసుక చెలమను ఒక్కసారి చూడాలి. ఆమె పోయి మూడేళ్లు.

కంచె సందులోంచి దిగారు. నీళ్లు నల్లగా ఉన్నాయి, సబ్బు నురగ తేలుతోంది. పూర్ణిమ తోక ఊపే పిట్టను చూపిస్తుంటే అందరూ ఆగారు. మారియప్ప ఆగలేదు. మలుపులో చెలమ పక్కనుండే బండ కనిపించింది. సగం కాంపౌండు గోడ కిందికి పోయింది.

పెళ్లికి ముందు నంజమ్మ బిందె పక్కన పెట్టుకుని ఆ బండమీదే కూర్చునేది. దూడ తప్పిపోయిందని ఒకనాడు, కొడవలి మరిచిపోయానని ఒకనాడు మారియప్ప వచ్చేవాడు.

“వంకకు వచ్చేదానికి దినానికొక వంకనా? ఊరికే రాకూడదా?” అని ఆమె నవ్వింది. అతనికి నోరు పెగల్లేదు. నలభై ఏళ్ల కాపురంలోనూ ఆ జవాబు బాకీగానే ఉండిపోయింది.

మురికినీటికి ఎడంగా, బండ పక్కనున్న ఇసుకలో వంగి చేతులతో తవ్వాడు. మోచేతి లోతున తడి తగిలింది. బురదనీళ్లు మూడు దోసిళ్లు తోడి పోసి కూర్చున్నాడు. నీళ్లు నిదానంగా ఊరాయి. తేటపడ్డాయి.

“తాతా, ఏమైనా పోగొట్టుకున్నారా?” వెనకనుంచి పూర్ణిమ అడిగింది.

“చెప్పు పడిపోయిందని చెప్పప్పా, అందరం ఎతుకుతాం,” అన్నాడు సుబ్రమణి.

చెలమ తవ్వినవాడు ముందు తాగకూడదు, పక్కనున్నవాళ్లకు పోయాలి. అది వాళ్ల ఊరి మరియాద. మారియప్ప మొదటి దోసిలి ఎత్తి, గోడ మింగకుండా మిగిలిన బండమీద పోశాడు.

“చెప్పూ లేదు, ఏమీ లేదు,” అన్నాడు. “ఊరికే వచ్చినాను.”

చెప్పింది ఎవరికో సుబ్రమణికి తెలిసింది. ఎగతాళి మానేసి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“నంజమ్మయితే ఈపాటికి బిందె నిండా ముంచుకుని పోయేది కదప్పా,” అన్నాడు.

“ఊఁ.”

పూర్ణిమ మిగతావాళ్లను కేకేసింది. మారియప్ప లేవలేదు. బండమీద తడి ఆరేదాకా ఉంటానన్నాడు.