ఎగువ అడవి లెక్క

మావయ్యకు మోకాలి ఆపరేషన్ కావడంతో ఆ ఏడాది ఎగువ అడవి లెక్క మేనకోడలి మీద పడింది. ఇద్దరూ అటవీశాఖలో పురుగుల సర్వే చేసేవాళ్లే. ఆమెకు ఉద్యోగం ఇప్పించిందీ, పని నేర్పిందీ ఆయనే. మంచు కరగ్గానే కొండెక్కి, పైన్ చెట్ల మొదళ్లలో చదరపు చట్రం పరిచి, రాలిన ఆకుల పొర ఎత్తి, చలికాలమంతా అక్కడ దాక్కున్న గొంగళిపురుగులను ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. ఆరేళ్లుగా దిగువ అడవి ఆమెది, ఎగువది ఆయనది.

రిజిస్టరులో ఎగువ గడుల్లో ఎప్పుడూ సున్నా, ఒకటి, మళ్లీ సున్నా. అంత ఎత్తున చలికి పురుగు బతకదని ఆఫీసులో అందరూ అనేవారు.

మొదటి చట్రంలోనే ముప్పైనాలుగు తేలాయి. పొరబడ్డానేమోనని మళ్లీ లెక్కపెట్టింది. ఎండ తగిలే వాలులో ప్రతి చెట్టు కిందా అంతే. నీడ వాలులో మాత్రం రెండో మూడో. తలెత్తి చూస్తే కొమ్మల చివళ్లు బోసిగా ఉన్నాయి. ఒక్క ఏడాదిలో అయ్యే నష్టం కాదది. చెట్లకు కొట్టిన నంబరు బిళ్లల మీద నాచు దట్టంగా పేరుకుపోయింది. వాటిని తుడిచి చదివినవాళ్లు లేరు.

సాయంత్రం తిన్నగా మావయ్య ఇంటికి వెళ్లింది. ఆయన కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్నాడు.

“నువ్వు పైకెళ్లి ఎన్నేళ్లయింది మావయ్యా?”

“ఏంటే, వస్తూనే పోలీసులా నిలదీస్తున్నావ్?” అని నవ్వాడు.

“ఒక్క చట్రంలో ముప్పైనాలుగు.”

ఆయన నవ్వు ఆగింది. వంటింట్లో అత్తయ్య గిన్నెల చప్పుడూ ఆగింది.

“నాలుగేళ్లు,” అన్నాడు చివరికి. “మోకాలు మడత పడేది కాదు. చెప్తే పక్కన పెట్టేస్తారని భయమేసింది. పైన ఎలాగూ ఏమీ ఉండవు కదా అని కిందే కూర్చుని రాసేశాను. నువ్వు ఈసారి ఉన్నది ఉన్నట్టు రాసెయ్. ఈ ఏడాదే ఎక్కాయనుకుంటారు. పాతవి ఎవరు తిరగేస్తారు?”

“ఈ ఏడాదే ఎక్కాయంటే, ఇంకో ఏడాది చూసి మందు కొడదామంటారు. ఆ చెట్లు ఇంకో వేసవి ఆగవు మావయ్యా.”

అత్తయ్య గుమ్మంలోకి వచ్చి, “రిటైరవడానికి పది నెలలే ఉంది తల్లీ,” అంది.

ఆమె లేచి వచ్చేసింది.

మర్నాడు అధికారి కొత్త అంకెలు చూసి ఉలిక్కిపడ్డాడు. “మరి పాత లెక్కలు?”

“అవి లెక్కలు కావు సార్,” అంది. “నాలుగేళ్లుగా పైకి ఎవరూ వెళ్లలేదు.”

వారంలోనే ఎగువ అడవికి మందు వెళ్లింది. విచారణ తేలేదాకా మావయ్యను సస్పెండ్ చేశారు. అత్తయ్య ఆమె ఫోన్ ఎత్తడం మానేసింది.

వేసవి మొదట్లో మావయ్యే ఫోన్ చేశాడు. “పైన చిగుళ్లేమైనా వచ్చాయా?”

“నీడ వాలులో వచ్చాయి.”

“ఎండ వైపు?”

“సగానికి పైగా చెట్లు పోయాయి మావయ్యా.”

“పోయినవాటి బిళ్లల నంబర్లు చదువు,” అన్నాడాయన. ఆమె రిజిస్టరు తెరిచి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది.