తువాల కింద షేక్‌హ్యాండ్

జనగామ హైస్కూల్లో సగం గదులు మిలిటరీ వాళ్ళు తీసుకున్న ఏడాదే మాకు వ్యాపారశాస్త్రం, ఇంగ్లీషు కలిపి చెప్పే కొత్త క్లాసు మొదలైంది. ఊళ్ళలో కమ్యూనిస్టుల సంఘం, రోడ్ల మీద మిలిటరీ. ఆ రెండింటి నడుమ మా సాంసన్ సారు "గుడ్ మార్నింగ్, హౌ మచ్?" అని గొంతు చించుకునేవాడు. క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. అందుకు నేను సిగ్గుపడలేదు. సిగ్గుపడాల్సింది ఊరు.

మా బాపు కొమురెల్లి, పశువుల సంతలో బేరగాడు. జనం గుమిగూడొద్దని మిలిటరీ సంతను బంద్ పెట్టించాక, ఇంట్లో కూర్చుని ఇంటి దూలాలకు ధర కడుతుండేవాడు.

"సంత పాయె. గా క్లాసుతోనన్న నీకు నౌకరి దొరుకుతదేమోనని పంపుతున్న కౌసల్యా. గా క్లాసు బందైతే నువ్వు ఇంటికాడ కూసునుడే" అని ముందే చెప్పాడు. బాపు అన్నాడంటే అన్నట్టే.

ఇంతలో తనిఖీకి ఒక ఆఫీసరు దిగాడు. బెజవాడ వైపు మనిషి. బంతిపూల దండ మెడలో వేయించుకుంటూనే మా మాట విని ముసిముసిగా నవ్వాడు. "ముందు తెలుగు సరిగ్గా నేర్చుకోండర్రా. ఈ ఊళ్ళో ఇంగ్లీషెందుకు, వ్యాపారమెందుకు? ఈ క్లాసు ఎత్తేయమని రాసేస్తాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ దండ వేసింది కూడా నేనే.

సాంసన్ సారు చేతులు జోడించి ఒక్క బేరం చూసి పొమ్మన్నాడు. పాఠంగా చూపించడానికని ఆయన ముందే బాపును ఎద్దుతో సహా పిలిపించి ఉంచాడు. బాపుకు కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. మైలోణ్ణి కడిగి, కొమ్ములకు నూనె రాసి నేరుగా క్లాసులోకి తోలుకొచ్చాడు. మైలోడు దూడనాటి నుంచి మా ఇంట్లో పెరిగిన ఎద్దు. బంగారం తూచి ఇచ్చినా అమ్మేది కాదు, ఊరికే చూపించడానికి తెచ్చాడంతే. వెనకే కొడకండ్ల ఊరి దాకా ఉన్న జనం వచ్చి కిటికీలకు వేలాడారు. బేరం చూడక మొహం వాచిపోయి ఉన్నారు మరి. నలుగురు కూడితే లాఠీ ఎత్తే పహరా జవాను, ఇది క్లాసు కదా అని వదిలేసి, తానూ ఒక కిటికీ పట్టాడు.

"మా సంతల ధర నోటితోని చెప్పం దొరా" అని బాపు తన చేతినీ ఆఫీసరు చేతినీ తువాల కింద కలిపాడు. వేళ్ళు పట్టి ధర అడుగుతారు, వేళ్ళు వదిలి తగ్గిస్తారు, చెయ్యి మొత్తం పట్టి ఊపితే బేరం కుదిరినట్టు. ఇదంతా సాంసన్ సారు ఇంగ్లీషులో విడమరచి చెబుతూనే ఉన్నాడు. ఆఫీసరు వింటేనా! తువాల కింద బాపు వేళ్ళ ఆటకు ఆయనకు చక్కిలిగింత పుట్టింది. కిలకిలా నవ్వి, "వెరీ గుడ్, వెరీ గుడ్" అంటూ బాపుకు గట్టిగా షేక్‌హ్యాండ్ ఇచ్చేశాడు.

కిటికీలన్నీ ఒక్కసారే ఈల వేశాయి. "కుదిరింది! దొర ఎద్దును కొన్నడు!"

బాపు మొహం పాలిపోయింది. అయినా పలుపు తెచ్చి ఆఫీసరు చేతిలో పెట్టాడు.

"ఏమిటండీ ఇది? నేనెక్కడ కొన్నాను?"

"చెయ్యి పట్టి ఊపితిరి గద దొరా. మాట తప్పితే రేపు నేను ఏ సంతల మొఖం సూపాలె?"

"నాకొద్దు, మీరే తీసుకోండి!"

"ఉత్తగ తీసుకుంటే ఎద్దుకు అరిష్టం. మల్ల బేరం కావాలె."

ఆఫీసరు కుడితిలో పడ్డ ఎలుకలా అయ్యాడు. మైలోడు మాత్రం కొత్త యజమానిని బాగానే మెచ్చాడు. ఆయన మెడలోని దండను ఒక్కో పువ్వే నమలసాగాడు. ఆఫీసరు వెనక్కి జరిగితే తానూ జరిగాడు. నల్లబల్ల దగ్గర ఇద్దరికీ దారి అయిపోయింది. జవాను తుపాకీని గోడకానించి, కడుపు పట్టుకుని నవ్వుతూ నేల మీద కూలబడ్డాడు.

నేను లేచాను. బాపు భుజం మీది తువాల లాక్కుని ఆఫీసరు ముందు నిలబడ్డాను.

"సార్, ఐ వాంట్ టు బై యువర్..." ఎద్దుకు ఇంగ్లీషు మాట ఎగిరిపోయింది. "యువర్ మైలోడు."

"టేక్ ఇట్! ప్లీజ్ టేక్ ఇట్!"

"నో ఫ్రీ సార్. ఐ టేక్ మైలోడు. యూ గివ్ క్లాస్."

ఆయన మైలోణ్ణీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఎన్నాళ్ళు?" అన్నాడు, ఈసారి తెలుగులో.

తువాల పరిచి చెయ్యి పట్టాను. మూడు వేళ్ళు పట్టుకున్నాను, మూడేళ్ళు అని. ఆయన ఒక వేలు లాక్కున్నాడు. పాఠం బాగానే ఎక్కింది! నా చదువు గట్టెక్కడానికి రెండేళ్ళు చాలు. కిటికీ చువ్వలు పట్టుకుని నవ్వుతున్న పిల్లలను చూశాను. వాళ్ళలో ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ళ కోసం ఆ మూడో వేలు మళ్ళీ పట్టుకున్నాను, ఇక వదల్లేదు. దండలో ఆఖరి పువ్వు కూడా అయిపోయి, మైలోడు ఆయన చొక్కా కాలరు రుచి చూశాడు.

ఆఫీసరు నా చెయ్యి మొత్తం పట్టి ఊపాడు.

సాంసన్ సారు నల్లబల్ల దుమ్ములోనే ఎగిరి గంతేశాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంత సంతోషం నాకు అదివరకు తెలియదు. ఆఫీసరు అక్కడే కూర్చుని మూడేళ్ళకు అనుమతి రాసిచ్చాడు. పోతూ పోతూ మైలోడి గంగడోలు నిమిరాడు కూడా.

జనం కదిలాక బాపు నా దగ్గరికి వచ్చాడు. "ఎద్దు గిప్పుడు నీది బిడ్డా. కొన్నోల్లే తోలుకపోవాలె, గది రివాజు. నడువ్, ఇంటికి పోదాం."

"ఇంక క్లాసు అయిపోలే బాపు."

ఇంట్లో కూర్చోబెడతానన్న మనిషి పలుపు పట్టుకుని బయటికి నడిచాడు. కిటికీ కింద ఎండలో గొంతుక్కూర్చున్నాడు. నేను బెంచీ ఎక్కి పుస్తకం తెరిచాను. కాసేపటికోసారి కిటికీలోంచి బాపు తలపాగా లేచేది. "అయిందా?" అని మెల్లగా అడిగేవాడు.

"కూసో బాపు" అనేదాన్ని. కూర్చునేవాడు.