నూట అరవై గూళ్లు

తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసే హాల్లో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ గూళ్లక్క. ఊళ్లో ఏ వీధి ఉత్తరం ఏ గూట్లో పడాలో పట్టిక చూడకుండా చెప్పేస్తుంది. నూట అరవై గూళ్లు, పందొమ్మిదేళ్ల అలవాటు. చిరునామా పూర్తిగా చదవకముందే చెయ్యి గూటివైపు సాగేది.

అలాంటిది నాలుగు నెలలుగా ఉత్తరాలు వెనక్కి వస్తున్నాయి. తప్పు గూట్లో పడిన ఉత్తరం ఎక్కడికో పోయి, పోస్ట్‌మన్ చేత తిట్లు తిని, విడదీసిన మనిషి నంబరు ఎర్ర సిరాతో వేయించుకుని తిరిగొస్తుంది. ఆవిడ నంబరు ఏడు. పొద్దున్నే బల్ల మీద ఎర్ర ఏడు కనిపిస్తే ఎవరూ చూడకముందే ఆ కవరు బోర్లించేది.

ఉద్యోగం ఒక్కటే అయితే అంత బెంగపడేది కాదు. వాళ్లమ్మ కూడా ఈ వయసులోనే, యాభై మూడులో, ముందు తాళంచెవులు మరిచిపోయింది, తరవాత పొయ్యి ఆర్పడం, చివరికి కన్నకూతుర్ని. "ఎవరమ్మాయివే నువ్వు, చక్కగా ఉన్నావు" అని మురిపెంగా అడిగింది ఒకరోజు. ఆ మురిపెం తలుచుకుంటే గూళ్లక్కకు ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

సూపర్‌వైజరు వంద పాత కవర్లిచ్చి, పది నిమిషాల్లో గూళ్లలో వెయ్యమని పరీక్ష పెట్టాడు. ఐదు తప్పుల దాకా ఫరవాలేదు. ఆవిడకు తొమ్మిది వచ్చాయి.

"రెండు నెలలాగి మళ్లీ పెడతానక్కా," అన్నాడు ఆమె మొహం చూడకుండా. "అప్పుడూ ఇంతే అయితే సంచులు కట్టే షెడ్డుకు పంపక తప్పదు."

భర్త టైలరు. మిషను ముందు నుంచి లేవడానికి బద్ధకించే మనిషి, ఆ మాట వినగానే కత్తెర పక్కన పడేసి ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ ఐదు మాటలు చెప్పి, కాసేపాగి వాటిని తిరిగి చెప్పమంది. నాలుగు చెప్పింది గూళ్లక్క. ఐదోది ఎంత వెతికినా దొరకలేదు.

"జబ్బు అనడానికి ఇప్పటికేమీ కనిపించలేదమ్మా. రోజుకెంత నడుస్తారు?"

"నాకు నడిచే అవసరమే లేదండీ," అంది గూళ్లక్క కాస్త గర్వంగానే.

నిజమే. ఒకప్పుడు గూళ్లు గోడ పొడుగునా ఉండేవి. ఉత్తరాల దొంతి మోచేతి మీద పెట్టుకుని పొద్దంతా ఈ చివర్నుంచి ఆ చివరకు తిరిగేవాళ్లు. రెండేళ్ల కిందట అర్ధచంద్రంలా కొత్త గూళ్లు వచ్చాయి, మధ్యలో చక్రాల స్టూలు. ఏ గూడు కావాలన్నా కూర్చున్నచోటి నుంచే అందుతుంది. మోకాళ్లు బతికాయని అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆవిడే. తప్పులు మొదలయ్యాక, బుర్ర అలిసిపోయింది కాబోలనుకుని ఇంటి మేడమెట్లు కూడా ఎక్కడం మానేసింది.

"బుర్రకు విశ్రాంతి పేరుతో దాని తిండి తగ్గించారు," అంది డాక్టరమ్మ. "వేగంగా నడిస్తే మెదడుకు రక్తం బాగా అందుతుంది. జ్ఞాపకాలను పదిలపరిచే భాగం వయసుతో కుదించుకుపోతుంది. రోజూ ఒంటికి పనిచెప్పేవాళ్లలో ఆ కుదింపు నెమ్మదిస్తుందంటున్నారు. తప్పకుండా బాగవుతుందని మాటివ్వలేను. కానీ రోజూ అరగంట నడవండి. ఎంత వేగమంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి."

"ఈవిడ కూర్చున్నా పాడలేదు లెండి," అన్నాడు టైలరు.

గూళ్లక్కకు నవ్వు రాలేదు. మాటివ్వలేను అన్న ముక్క దగ్గరే ఆగిపోయింది ఆమె మనసు.

మర్నాటి నుంచి తెల్లవారుతూనే ఇద్దరూ బయల్దేరారు. నాలుగు వారాలు ఒక్కరోజు మానలేదు. అయినా బల్ల మీద ఎర్ర ఏడు వేసిన కవర్లు తగ్గలేదు. ఇక అమ్మ దారే నాదీ అని ఆమె లోలోపల తేల్చేసుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున టైలరు వీధి మధ్యలో ఆగాడు.

"ఏమే, మొదటివారం నీ వెనక పరిగెత్తలేక చచ్చాను. ఇప్పుడు నేను ఆవలిస్తూ నడుస్తున్నా నువ్వు నన్ను అందుకోవడం లేదేం?"

"ఉండండి, నలభై ఆరు దగ్గరున్నాను."

"నలభై ఆరేంటి?"

అప్పుడు బయటపడింది. రెండోవారం నుంచి నడిచినంతసేపూ ఆవిడ గూళ్లు ఒప్పజెప్పుకుంటోంది. ఒకటి తట్టకపోతే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. అది దొరికాకే మళ్లీ అడుగు.

"నడిచేటప్పుడు ఆ గూళ్లు మరిచిపోవే!"

"మరిచిపోకూడదనే కదండీ నడుస్తున్నది!" అంది.

టైలరు ఆమె చేతిసంచీ లాక్కుని ముందుకు ఉరికాడు. అందులో ఇంటి తాళాలున్నాయి. "ఏవండీ, ఆగండీ, మీకేమైనా పిచ్చా!" అని అరుస్తూ ఆమె వెంటపడింది. వంతెన దాటేసరికి ఇద్దరికీ ఊపిరి అందడం లేదు. ఆ దారంతా ఒక్క గూడూ తలపుకు రాలేదని ఇంటికొచ్చాక గాని ఆమె గమనించలేదు. మిగిలిన నాలుగు వారాలూ సంచీ ఆయనదే, పరుగు ఆవిడదే. ఎర్ర ఏడు కవర్లు రోజు విడిచి రోజు రాసాగాయి, తరవాత వారానికి రెండు.

పరీక్షనాడు స్టూలు పక్కకు నెట్టి నిలబడింది. సూపర్‌వైజరు వద్దనలేదు. పది నిమిషాలయ్యాక అతను గూళ్లన్నీ తడిమి లెక్కచూస్తుంటే ఆమె తన వేళ్లకేసి చూస్తూ నిలుచుంది.

"నాలుగు! గట్టెక్కావక్కా! సంచులు వేరే ఎవరైనా కట్టుకుంటారులే."

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. "ఆ నాలుగూ ఓసారి ఇయ్యి," అంది గూళ్లక్క.

రెండు పక్కగూట్లో పడ్డాయి, చెయ్యి జారింది అంతే. మూడోది కొత్తగా కట్టిన ఇళ్లది. నాలుగోది గడియారం సందు. ఆ పేరు మొదటిసారి చదువుతున్నట్టే ఉంది. పందొమ్మిదేళ్లలో వేల ఉత్తరాలు అక్కడికి వేసి ఉంటుంది. గట్టెక్కిన సంతోషం అక్కడికక్కడే ఆవిరైపోయింది.

సాయంత్రం టైలరు చేత దుకాణం మూయించి, ఆయన్ని వెంటబెట్టుకుని ఆ సందు వెతుక్కుంటూ బయల్దేరింది. గడియారం సందు దొరికింది. బూడిదరంగు గోడలు, నీళ్ల పంపు, ఒక సైకిలు రిపేరు కొట్టు. చివరిదాకా నడిచింది. ఏమీ తట్టలేదు.

"చూశావుగా, సందే. ఎక్కడికీ పోలేదు. ఇంటికి పదవే," అన్నాడు ఆయన తన నడుం పట్టుకుని.

"ఇంకోసారి తిరుగుదాం," అంది ఆమె. "ఈసారి గబగబా."