ముందు ఆమె చెయ్యి

పది నెలల కొడుకు తన ఒడిని మరచిపోతాడేమోనన్నదే ఆ తల్లికున్న అన్నిటికంటే పెద్ద భయం. మెడ మీది పుండు గురించి కూడా ఆమె ఇంతగా బెంగపడలేదు. ఒకసారి కోసి తీసేసినా అది మళ్లీ అదే చోట మొలిచింది. క్యాన్సరన్నారు. కొత్త వైద్యమొకటి ఇంకా పరీక్షల్లోనే ఉంది, ఒప్పుకుంటే చేస్తామన్నారు. ఒప్పుకుంది.

ఆవేళ ఆమె ఆసుపత్రి గదికి వెళ్లేసరికి చల్లనమ్మ అప్పటికే పనిలో ఉంది. బల్ల తుడిచి, దిండుకు ఉతికిన గలీబు తొడిగి, గోడవారనున్న గ్యాసు సిలిండరు గొలుసు బిగువుగా ఉందో లేదో లాగి చూస్తోంది. అక్కడ ఆయా. సన్నటి మనిషి, కాస్త ఒంగిన నడుము, మడమల దగ్గర అరిగిపోయిన రబ్బరు చెప్పులు. గదిలో చలికి భుజాల చుట్టూ బూడిదరంగు శాలువా. దాని అంచు చినిగితే చేతికందిన ఎర్రదారంతో కుట్టేసుకుంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. వచ్చినవాళ్లందరితో "చల్లగానే ఉంటుంది" అని చెప్పీ చెప్పీ ఆ పేరు పడింది.

ఆ సిలిండరుకు తగిలించిన పెన్నులాంటి గొట్టం మొనలోంచి వంకాయరంగు వెలుగు ఒత్తిలా బయటికొస్తుంది. దాన్ని చల్లని ప్లాస్మా అంటారు. చూడ్డానికి మంటే, తాకితే కాలదు. సన్నగా జుంయ్‌మంటూ, పిడుగు పడ్డాక వచ్చే వాసన వేస్తుంది. డాక్టరమ్మ మీట నొక్కగానే చల్లనమ్మ తన చూపుడువేలు అందులో పెట్టేది. బల్ల మీద ఎవరున్నా ముందు ఆమె చెయ్యే. డాక్టరమ్మ మొదట్లో వద్దంది. ఆ వేలు చూశాక మనుషులు బిగుసుకుపోవడం మానేస్తున్నారని గమనించి, ఒక్క క్షణానికైతే సరేనంది.

"ఇదిగో, చూడు తల్లీ. వంటింట్లో ఇంతకన్నా ఎక్కువ కాలుతుంది నాకు."

"దీంతో రోగం చచ్చిపోతుందా పెద్దమ్మా?"

"ఇదొక్కటే ఎక్కడ చంపుతుందే. దొంగ ఇంటివాడి చొక్కా తొడుక్కుని తిరుగుతుంటే కుక్క మొరగదుగా? ఈ వెలుగు ఆ చొక్కా పట్టుకుని లాగుతుంది. ఆపైన కరవాల్సింది కుక్కే."

"చొక్కా, కుక్కా నేను చెప్పలేదు," అంది డాక్టరమ్మ గొట్టాన్ని పుండు మీద మెల్లగా కదుపుతూ. "ఒంట్లో రోగంతో పోరాడే కణాలు ఈ పుండును గుర్తుపట్టి మేలుకుంటాయని ఆశ. అందరిలోనూ మేలుకుంటాయని చెప్పలేం."

"నేనన్నదీ అదేగా. కొన్ని కుక్కలు బద్ధకపువి."

ఆ తల్లికి నవ్వొచ్చింది. మెడ కదులుతుందని పెదవి కొరుక్కుని ఆపుకుంది.

కట్టు కట్టడం అయ్యేసరికి గుమ్మంలో ఏడుపు వినిపించింది. ఆడపడుచు పిల్లాణ్ణి చంక మార్చుకుంటూ నిలబడింది.

"వదినా, ఒక్కసారి ఎత్తుకోవూ. నా చెయ్యి పడిపోతోంది."

ఆ తల్లి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఇంటిదగ్గరా ఇంతేనా?" అంది చల్లనమ్మ.

"ఈ వైద్యం మొదలైనప్పట్నుంచీ వాణ్ణి ముట్టుకుంటే ఒట్టు," అంది ఆడపడుచు.

"ఆ వెలుగు నా ఒంట్లో ఉంటుంది కదా," అంది ఆ తల్లి గొంతు తగ్గించి. "వాడికి అంటుకుంటే?" మధ్యలో ఆగిన చదువు ఆమెది; అడిగితే నవ్వుతారని ఇన్నాళ్లూ ఎవరినీ అడగలేదు.

చల్లనమ్మ నవ్వలేదు. "ఇంకొక్కసారి వెలిగించమ్మా," అంది డాక్టరమ్మతో. వెలుగులో వేలు పెట్టి, నేరుగా గుమ్మం దగ్గరికి నడిచి, ఆ వేలే పిల్లాడి గుప్పిట్లో ఉంచింది. వాడు ఏడుపాపి దాన్ని నోటికి లాక్కోబోయాడు.

"ఈ చేత్తోనే రోజూ నా మనవరాలికి తినిపిస్తా. దానికేమీ కాలేదు. నన్ను కొరకడమూ మానలేదు."

"మీట కట్టేస్తే వెలుగు పోయినట్టే. రోగం కూడా అంటేది కాదు," అంది డాక్టరమ్మ. "ముందే చెప్పాల్సింది నేను. వాడు కట్టు లాగకుండా చూసుకో, చాలు."

ఆ తల్లి చల్లనమ్మ స్టూలు మీద కూర్చుని చేతులు చాచింది. పిల్లాడు కొత్త మనిషిని చూసినట్టు చూసి మేనత్త మెడలో మొహం దాచుకున్నాడు. ఆమె భయపడినంతా జరిగింది. అయినా చాచిన చేతులు వెనక్కి తీసుకోలేదు. చల్లనమ్మ శాలువా తీసి, కట్టు కనబడకుండా ఆమె భుజాల చుట్టూ కప్పింది. వాడు ఓరగా తొంగిచూశాడు. ఎర్రదారం వాడికి నచ్చింది. దానికోసం వంగినవాడు ఒళ్లోకి జారి, కాస్త పెనుగులాడి, మోచేతి మడతలో తల అటూ ఇటూ రుద్ది, పాత చోటు దొరికినట్టు నిమ్మళించాడు.

"వీడిదీ బద్ధకపు కుక్కే," అంది చల్లనమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఆలస్యంగానైనా గుర్తుపట్టింది."

మళ్లీ వచ్చినప్పుడు ఆ తల్లి పిల్లాణ్ణి తనే చంకనేసుకుని వచ్చింది. పుండు అంచు కాస్త మెత్తబడింది. చూద్దాం అంది డాక్టరమ్మ. చల్లనమ్మ స్టూలు ఖాళీగా ఉంది, ఆమె శాలువా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. చల్లనమ్మకు ఆయాసం పట్టుకుంటే కూతురొచ్చి తీసుకెళ్లిందని, బస్సు ఆఖరి స్టాపు దగ్గర ఆకుపచ్చ గేటు ఇల్లని చెప్పారు. ఆమె పని ఇక మానేసినట్టే.

ముందు వంతు ఒక ముసలాయనది. మీట నొక్కగానే ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఎవరి వేలూ ముందుకు రాలేదు. ఆ తల్లి డాక్టరమ్మకేసి చూసింది. డాక్టరమ్మ తలూపాక ఆ తల్లి తన వేలు వెలుగులో పెట్టింది.

"చూడండి తాతా. చల్లగానే ఉంటుంది."

కట్టుతో, చంటిబిడ్డతో ఆ తల్లి అంతదూరం వెళ్లలేకపోతోంది. మీలో ఎవరికైనా ఆఖరి స్టాపు దాకా పని పడితే, ఆకుపచ్చ గేటు తట్టి చల్లనమ్మ ఆయాసం ఎలా ఉందో కనుక్కోండి. ఎర్రదారం కుట్టు శాలువా ఎక్కడికీ పోలేదనీ, గది తలుపు వెనక కొక్కేనికి అలాగే వేలాడుతోందనీ చెప్పండి.