ఒక్క ఫైలు తక్కువ

మినప్పప్పు గిన్నెలో పోసి, నీళ్ల చెంబు కోసం చెయ్యి చాపానో లేదో, ముందుగదిలోంచి మా ఆయన కేక వేశాడు.

"పుష్పా, మెషీన్ లేస్తలేదు. జల్దీ రా."

పప్పు అట్లాగే వదిలేసి వెళ్లాను. నల్ల తెర. దానిమీద తెల్ల అక్షరాల్లో ఒక ఫైలు పేరు, అది కనబడటం లేదన్న ముక్క. ఏదో ఒక మీట నొక్కమంటోంది. నొక్కితే ఇంకో పేరు చూపించి ఆగిపోయింది.

"ఏం చేశారు?"

"నేనేం జేసిన? రాత్రి పాటలు ఎక్కిద్దామంటే సి డ్రైవ్‌ల జాగ లేదన్నది. పనికిరానివి కొన్ని తీసేసిన."

"ఏవి?"

"పేర్లు నాకేం తెలుసు. విండోస్ ఫోల్డర్ల ఉన్నయ్. ఒక్కనాడన్న వాడంగ చూడలే. ఖాళీగ పడున్నయ్. తీస్తవా అంటే అవ్ అన్న. చెత్తబుట్ట గూడ సాఫ్ జేసిన."

చివరి మాట కొంచెం గొప్పగా అన్నాడు. ఇల్లు ఊడ్చినవాడిలాగా.

"మొత్తం గీకేసి కొత్తది ఎక్కియ్," అన్నాడు చెప్పులేసుకుంటూ. "గంట పని."

"పాఠాలు పోతాయి."

"ఏం పాఠాలు?"

"సమ్మయ్య సారువి. మధ్యాహ్నం వస్తానన్నాడు."

"పోతే మళ్ల కొట్టు. నీకేం పనుంది?"

హోటలు వైపు వెళ్లిపోయాడు.

నాకేం పనుంది. ఈ మాట ఈ ఇంట్లో అందరికీ నోట్లో ఉంటుంది. దమ్మపేట మెయిన్ రోడ్డు మీద మా ముందుగదికి బోర్డుంది, 'రాంబాబు డి.టి.పి. అండ్ జిరాక్స్' అని. రాంబాబు అంటే మా ఆయన. ఆయనకు తన పేరు కొట్టడానికి కూడా రెండు వేళ్లు కావాలి, మధ్యలో ఒకసారి నన్ను పిలవాలి. నేను పెళ్లికి ముందు బోనకల్ నుంచి రోజూ రైల్లో ఖమ్మం వెళ్లి నేర్చుకున్నాను. పొద్దున టైపు, తర్వాత కంప్యూటర్. ఆ సంగతి పెళ్లిచూపుల్లో మాత్రం పనికొచ్చింది. తర్వాత ఎవరికైనా నన్ను చూపిస్తే, "ఇంట్ల ఖాళీగ కూసుంటదని నేనే నేర్పించిన," అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు తమాషాకి అన్నాడనుకున్నాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పామాయిల్ రైతుల అర్జీలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు అన్నీ నేను కొడతాను. డబ్బు ఆయన తీసుకుంటాడు. ఒకసారి నెలకింత అని నా చేతికివ్వమన్నాను. అత్తమ్మ చేట పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఇంట్ల మనిషికి జీతమేందే? రేపు అన్నం వండినందుకు గూడ అడుగుతవా?" ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఆ పూట ఎవరూ తినరు. పిల్లలు లేరు. అదికూడా నేను చెయ్యకుండా వదిలేసిన పనే అన్నట్టు మాట్లాడుతుంది అత్తమ్మ.

సమ్మయ్య సారు భద్రాచలం అవతల అడవి ఊళ్లో టీచరు. కోయవాడు. వాళ్ల ఊరి పిల్లలు బళ్లో తెలుగు అర్థంకాక గోడలు చూస్తూ కూర్చుంటారని, ఒకటో తరగతి పాఠాలు కోయ మాటలో, తెలుగు అక్షరాల్లో రాశాడు. సెలవు రోజుల్లో వచ్చి ఆయన చదివేవాడు, నేను కొట్టేదాన్ని. మొదట్లో నా వేళ్లు అలవాటుకొద్దీ తెలుగు మాటవైపు జారేవి. ఆయన విసుక్కోలేదు. "ముందు నోటితోని అను చెల్లె, తర్వాత కొట్టు," అనేవాడు. అనేదాన్ని. నోట్లో ఎవరిదో ఇల్లు, ఎవరిదో మేక, ఎవరిదో అమ్మమ్మ తిరిగేవి. వర్షాకాలం మొత్తం అట్లా గడిచింది. ఆ మధ్యాహ్నాలు నావి. ఇంకేదీ నాది కాదు కాబట్టి చెప్తున్నాను.

పోయిన ఆదివారం సారు అన్నాడు. భద్రాచలంలో ఈ పుస్తకాల పని చేసే ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీగా ఉందట. జీతం, ఉండటానికి ఆడవాళ్ల హాస్టల్లో గది. "కోయ మాట కొట్టే చెయ్యి ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు చెల్లె. వస్తవా?" నన్నే అడిగాడు. నన్నే చూశాడు. నేను చాయ్ గ్లాసులున్న పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. జవాబు మా ఆయన చెప్పాడు.

"రాదు సార్. ఇల్లెవరు చూస్తరు? పని ఇటే పంపుండ్రి, నేను జేయించి పెడ్త."

నేను నోరు తెరిచేలోపు మాట ప్రశ్నపత్రాల మీదకి పోయింది.

మెషీన్ ముందు కూర్చున్నాను. ఇది 2005. ఊళ్లో కొత్త విండోస్‌లు వచ్చాయి. మాది ఇంకా తొంభై ఎనిమిదే. ఖమ్మంలో ఒక కోచింగ్ సెంటర్ వదిలించుకున్న డబ్బా. మొత్తం మళ్లీ ఎక్కిద్దామంటే తెలుగు సాఫ్ట్‌వేర్ పోతుంది. దాన్ని ఎక్కించాలంటే కావలసిన తాళం ఫ్లాపీ చెడిపోయి చాలా కాలమైంది. మిగిలింది ఒకటే దారి. పోయినవి ఏవో కనిపెట్టి ఒక్కొక్కటే తెచ్చి వాటి చోట్లో పెట్టాలి.

బూట్ ఫ్లాపీ పెట్టి లేపాను. బొమ్మలుండవు, నల్ల తెర, మినుకుమినుకుమనే గీత. అసలు సీడీ గీతలు పడిపోకముందే దాంట్లో సరుకంతా డి డ్రైవ్‌లోకి దించి పెట్టుకున్నాను, మంచిదైంది. ఆ సరుకు మూటలు మూటలుగా కట్టి ఉంటుంది. ఫలానా ఫైలు ఏ మూటలో ఉన్నా వెతికి తీసి, ఫలానా చోట పెట్టు అని మాట కొట్టాలి. పెడుతుంది. ఫ్లాపీ తీసి మళ్లీ లేపాలి. ఇంకోటి లేదంటుంది. మళ్లీ ఫ్లాపీ, మళ్లీ మాట. ఈ పని నాకు కొత్తకాదు. కరెంటు పోయినప్పుడు పాడైంది, ఎవరో తెచ్చిన ఆట ఎక్కించినప్పుడు పాడైంది. ప్రతిసారీ నేనే బాగుచేశాను. ప్రతిసారీ అది మునుపటిలాగే లేచింది, ఆయన మునుపటిలాగే గల్లా దగ్గర కూర్చున్నాడు.

రెండోదో మూడోదో పెడుతుంటే తెలిసింది ఆయన ఏం చేశాడో. వాడకంలో ఉన్న ఫైలును మెషీన్ తియ్యనియ్యదు, అడ్డం పడుతుంది. ఈయన తీసినవి మెషీన్ లేచేటప్పుడు మాత్రం కావలసినవి. ఒకటి తెరను లేపుతుంది, ఒకటి డిస్కును పలకరిస్తుంది. ఆ పని చేసి పక్కకు తప్పుకుంటాయి. రాత్రి ఆయన చూసేసరికి వాటితో ఎవరికీ పనిలేదు. తీస్తుంటే అడ్డు పడలేదు. రాత్రంతా పాటలు బాగానే వచ్చాయి. తెల్లవారి లేపబోతేగానీ తెలియలేదు.

చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. మా ఇంట్లో కూడా అందరికంటే ముందు లేచేది ఎవరో ఒకరు ఉన్నారు. అంతకుమించి ఆలోచించడానికి అత్తమ్మ తీరిక ఇవ్వలేదు.

"ఆ డబ్బా ముందర కూసుంటే కడుపు నిండుతదా? పొద్దుమీకి రుబ్బాలె. పప్పు నానబోసినవా?"

"పోస్తా అత్తమ్మా."

"కూర సంగతేంది?"

లేచి వంకాయలు కోశాను. పొయ్యి మీద వేసి వచ్చి ఇంకో ఫైలు పెట్టాను. కూర కలిపి వచ్చి ఇంకోటి. చేతులకు కారం అంటింది, కీబోర్డుకు కారం అంటింది. అన్నం వార్చాను. ఆయన హోటలు నుంచి వచ్చి నా వెనకాల నిలబడ్డాడు.

"ఇంకా కాలేదా? గీకితే ఎప్పుడో అయిపోతుండె. నేను తీసింది నాలుగు ముక్కలు. గంత నఖరా ఏంది దానికి?"

"వస్తోంది."

నిజంగానే వస్తోంది. ఈసారి మబ్బుల బొమ్మ కనబడి, చాలాదూరం పోయి, ఒక్క పేరు చూపించి ఆగింది. ఆ పేరు నాకు తెలుసు. ఆ తర్వాత ఇంకేమీ ఉండదు. అది ఏ మూటలో ఉందో కూడా తెలుసు. ఫ్లాపీ పెట్టి, మళ్లీ లేపి, మాట కొట్టడమే తరువాయి. ఫ్లాపీ పెట్టాను. లేచింది. గీత మినుకుమంటోంది.

బయట సమ్మయ్య సారు బండి ఆగింది.

"లే, లే," అన్నాడు మా ఆయన. "సారొచ్చిండు. పోయి చాయ్ పెట్టుపో."

లేచాను. నా వేడి ఇంకా ఆరని కుర్చీలో ఆయన కూర్చుని, కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

వంటింట్లో పాలు పెట్టి నిలబడ్డాను. మధ్యలో గుడ్డ తెర ఒక్కటే. మాటలన్నీ వినబడతాయి.

"రాండ్రి సార్, కూసోండ్రి. పొద్దుగాల్నుంచి దీనితోనే ఉన్న. సిస్టమ్ ఫైళ్లు కరాబైనయ్. ఒక్కొక్కటి ఎతికి పెడుతున్న. నడుములు పడిపోయినయ్ అనుకోండ్రి."

"పాఠాలు ఉన్నయా?" సారు గొంతులో భయం వినబడింది.

"ఉంటయ్ సార్, యాడికి పోతయ్."

"చెల్లె ఏది? అటెన్క ఏమన్న అనుకున్నదా, భద్రాచలం సంగతి? మంగళవారం దాక చూస్తరంట. తర్వాత వేరేవాళ్లను పెట్టుకుంటరు."

"దానికెందుకు సార్ అవన్నీ. ఇంట్ల ఉంటది, ఖాళీగుంటది, నేను కొట్టిస్త అంటి గద. మా అమ్మ ఉన్నది, చేసిపెట్టాలె. ఏం, నేను చెప్తే కాదా?"

ఖాళీగుంటది. పొద్దున ఫైళ్లను కూడా అదే మాట అన్నాడు. గొంతు కూడా అదే. పాలు పొంగాయి. దించలేదు. పొంగి, మంట మీద పడి, మంట ఆరింది. గ్యాసు కట్టేసి, మిగిలిన పాలతోనే చాయ్ చేశాను. మాడు వాసన వచ్చింది. అట్లాగే పోశాను.

పళ్లెం తీసుకుని వెళ్లేసరికి ఆయన గీతను చూస్తూ కూర్చున్నాడు. ఏ మీటా నొక్కలేదు. నుదుటి మీద చెమట. నన్ను చూసి గొంతు తగ్గించాడు.

"ఏమే, ఒక్క నిమిషం చూడు. ఆఖరిది నువ్వు కొట్టు."

ఆయన లేచాడు. కూర్చున్నాను. ఒక్క మాట కొడితే చాలు. కొడితే మెషీన్ లేస్తుంది. మబ్బులు వస్తాయి, పాటలు వస్తాయి. ఆయన గల్లా దగ్గర కూర్చుంటాడు. సారు పాఠాలు పట్టుకుపోతాడు. మంగళవారం దాటిపోతుంది. నేను లోపలికి పోయి పప్పు నానబోస్తాను. వేళ్లు మీటల మీద పెట్టుకుని ఇదంతా చూశాను, తెర మీద చూసినంత స్పష్టంగా.

ఆ మాట కొట్టలేదు. బూట్ ఫ్లాపీ తీసి, సొరుగులో నుంచి ఖాళీ ఫ్లాపీ తీసి పెట్టాను. పాఠాలున్న చోటికి పోయాను. నల్ల తెర మీద పొడుగు పేర్లు సగానికి తెగి కనిపిస్తాయి. అయినా ఏది ఏ పాఠమో నాకు తెలుసు. మేక పాఠం, వాగు పాఠం, అమ్మమ్మ పాఠం. ఒక్కొక్కటే ఫ్లాపీలోకి దించాను. నిండితే ఇంకోటి. ఫ్లాపీ డ్రైవు గరగరలాడుతుంటే మా ఆయన సారుకి సైగ చేశాడు, అయిపోయింది అన్నట్టు. సారు మాత్రం నా చేతుల వైపే చూస్తున్నాడు. చాయ్ ముట్టలేదు.

చివరిది నిండాక మెషీన్ కట్టేశాను. ఫ్లాపీలను దస్తీలో మూటకట్టాను.

"అయిందా?" అన్నాడు మా ఆయన.

"నాదైంది."

"మరి మెషీన్?"

"ఒక్క ఫైలు తక్కువుంది."

"పెట్టరాదూ?"

"ఖాళీగుండేదే కదా. మీరు పెట్టుకోండి."

నవ్వబోయి, సారు నవ్వకపోవడం చూసి ఆగిపోయాడు. సారు మూట కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు.

"మీరు పదండి సార్. నేనే తెస్తాను. పాల్వంచ బస్సుంది ఇప్పుడు, అక్కడ దిగి భద్రాచలం బస్సెక్కుతా. మంగళవారం దాకా ఎందుకు?"

సారు తల ఊపి, గడప దాటాడు. బండి స్టార్టయింది.

"ఏందే? ఎవర్నడిగి?" అన్నాడు మా ఆయన. లోపలికి వెళ్లి నా సర్టిఫికెట్ల కవరు, రెండు చీరలు సంచిలో పెట్టుకున్నాను. వంటింట్లో పప్పు పొద్దున పోసిన గిన్నెలోనే ఉంది, పొడిపొడిగా. పక్కన నీళ్ల చెంబు.

సంచి భుజానికేసుకుని వస్తుంటే అత్తమ్మ మంచం మీద నుంచి తల ఎత్తింది. సంచి చూసిందో లేదో.

"పుష్పా, పప్పు నానబోసినవా?"

"లేదత్తమ్మా," అన్నాను. "పొయ్యను."