టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీ

ఆదివారం మధ్యాహ్నం, వరసగా తిండి దుకాణాలుండే బుకిట్ బటోక్ హాకర్ సెంటర్‌లో టేబుల్ దొరకడమే గగనం. ఖాళీ కనబడగానే సుధాకరరావు గబగబా వెళ్ళి కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టేశాడు. ఈ ఊళ్ళో అలా పెడితే చాలు, ఇంకెవరూ ఆ కుర్చీ జోలికి రారు. దాన్నే చోప్ చేయడం అంటారు.

పక్షవాతంతో చెయ్యి పడిపోయిన తల్లి ఆదెమ్మ పక్క కుర్చీ మీద మాత్రం ఏమీ పెట్టలేదు. అది భార్య వసుంధరదని వేరే చెప్పాలా? తల్లిని ఇక్కడికి తెచ్చిన రోజున, "కొన్నాళ్ళు ఉద్యోగం మానెయ్ వసూ. పరాయివాళ్ళు చేస్తే అమ్మ బాధపడుతుంది" అన్నాడు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడకుండా రాత్రింబవళ్ళు ప్రోగ్రాములు సరిచేసిన మనిషి, ఆ మర్నాటి నుంచి గంజి కాచింది. ఆ కొన్నాళ్ళు ఇంకా పూర్తి కాలేదు.

సైన్స్ పార్క్ ఆఫీసులో భర్తతో పనిచేసే హరికృష్ణ ఎదురుగా ఉన్నాడు. సుధాకరరావుకి వినేవాడు దొరికితే అన్నం కూడా అక్కర్లేదు.

"ఇక్కడ జనం ఎందుకు నోరెత్తరనుకున్నావ్? ఇల్లు, ఉద్యోగం అన్నీ సర్కారే అమరుస్తోంది గనక. ముసలాళ్ళు పెరిగి పనిచేసేవాళ్ళు తగ్గారనుకో, ఎక్కణ్ణుంచి తెచ్చి అమరుస్తుంది? అప్పుడు చూడు, ఒక్కొక్కడికీ నోరు లేస్తుంది. అందుకే పిల్లల్ని కనండి మహాప్రభో అని బతిమాలుతున్నారు. మేమూ మూడోవాణ్ణి కనేస్తున్నాం, వచ్చే ఏడాదికల్లా!"

"కంగ్రాట్స్ వదినా!" అన్నాడు హరికృష్ణ.

అత్తగారి నోటి దగ్గర వసుంధర చేతిలో చెంచా ఆగిపోయింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తన కడుపు సంగతి తనకన్నా ముందు హాకర్ సెంటర్‌కి తెలిసింది. ఈయన కంటాడట! ఇద్దర్ని కన్నప్పుడు ఒక్కరాత్రి లేచిన పాపాన పోలేదు. పనిచేసేవాళ్ళు తగ్గిపోతున్నారట. పొద్దున్న లేచింది మొదలు తను చేస్తున్నదాన్ని వీళ్ళు ఏమంటారో మరి! దేశం ముసలిదైనా, ఇంట్లో మనిషి ముసలిదైనా కబుర్లు ఈయనవి, చాకిరీ తనది. ఇన్నాళ్ళూ తను నోరెత్తలేదు గనక ఈ ఇల్లు కూడా ప్రశాంతంగానే ఉంది.

చెంచా గిన్నెలో పెట్టేసింది. టిష్యూతో అత్తగారి గడ్డం తుడిచి లేచి, మిగిలిన ప్యాకెట్‌ని తన కుర్చీలో పెట్టింది.

"ఎక్కడికి?"

"ఫోన్ చేసొస్తా. పాత ఆఫీసులో ఖాళీ ఉందని అరుణశ్రీ నెల్లాళ్ళుగా పిలుస్తోంది. రేపట్నుంచి వస్తున్నానని చెప్పాలి."

"మరి అమ్మ? మూడో..."

"మూడోవాడు లేడు. ఆ కుర్చీ మీకోసం చోప్ చేశానండీ."

ఆదెమ్మ తర్వాతి చెంచా కోసం కొడుకు వైపు తిరిగి నోరు తెరిచింది.