చిట్టెమ్మ పలికిన వేళ

హేమంతప్రభాతమున మంచుతెర మెల్లమెల్లగ దొలగుచుండ శారదానదీతీరమందలి సహకార చక్కెర కర్మాగారపు పొగగొట్టము లేతయెండలో బసిడికంబమువలె మెరయుచుండెను. కాటాగుమ్మము మొదలుకొని రహదారిదాక చెరకుబండ్లు బారులుతీరి నిలువ, ఎడ్లమెడగంటల రవమును ఉడుకుచున్న రసపు పరిమళమును గలసి యచ్చోటికి దిరునాళ్లకళ దెచ్చుచుండెను.

అట్టి శుభవేళ నెట్‌వర్కు అధికారిణియగు హైమ సర్వరుగదిలో నిలిచి యిరువదియేండ్ల వృద్ధయంత్రమును దదేకదృష్టితో జూచుచుండెను. ఒక కంప్యూటరు వేరొకదానిని బేరుతో బిలిచినప్పుడు దాని యంకెల చిరునామా జెప్పుటయే యా యంత్రమందలి విన్స్ అను పాతసేవ పని. డీఎన్ఎస్ అను క్రొత్తసేవ యా పనినే చేయుచుండగా బాతదేల యని యామె మూడుమాసములు వాదించి యొప్పించెను. మేనేజరు భీమశంకరము మాత్రము నియమ మొకటి విధించెను.

"కాటా పావుగంట ఆగిందా, పాతదాన్ని మళ్లీ వెయ్యాల్సిందే హైమగారూ. ఇంక ఆ ఊసు నా దగ్గర ఎత్తకూడదు."

ఎనిమిదింట నామె మీట నొక్కెను. వృద్ధయంత్రము నిట్టూర్చి మౌనము వహించెను. కార్యాలయమెల్ల యథాప్రకారము నడచుచుండుట గాంచి హైమ ముఖము వికసించునంతలో ఫోను మ్రోగెను. కాటా చూచు వృద్ధుడు సన్యాసినాయుడు పలికెను.

"బరువు కనిపిస్తంది గానీ చీటీ రాటం లేదమ్మా. చిట్టెమ్మ పలకటం లేదు."

"చిట్టెమ్మ ఎవరు?"

"ఆఫీసులో చీటీలు దాసే కంప్యూటరమ్మా. అందులో ఎక్కితేనే ఇక్కడ చీటీ వస్తంది. ఆయుధపూజకి బొట్టెట్టి అన్నిటికీ పేర్లెడతాం కదా. క్రషరు పెద్దక్క, ఇది చిట్టెమ్మ. కంప్యూటర్లో ఆ పేరు కొట్టింది కూడా నేనే."

హైమకు దన పొరపాటు దెలిసెను. మేలుకొన్న ప్రతియంత్రమును దన పేరు దానే చెప్పుకొనగా విని జ్ఞప్తియందుంచుకొనుట పాతసేవకు స్వభావము. తానో కార్యాలయపు ఆస్తిపట్టికను నమ్మి యందలి పేరులనే క్రొత్తసేవకు నేర్పెను. కుంకుమతో బెట్టిన పేరు పట్టిక కెట్లెక్కును?

"పదకొండు నిమిషాలు" అని ద్వారమున నిలిచిన భీమశంకరము గడియారము జూచుచు బలికెను.

ఆమె చిట్టెమ్మ నామమును దాని చిరునామాతో గూర్చి క్రొత్తసేవకు నేర్పెను.

"ఇప్పుడు పిలవండి, నాయుడుగారూ."

క్షణమొక యుగముగా గడచెను. పిదప ఫోనులో చీటీయంత్రపు కరకరధ్వని వీణానాదమై వినవచ్చెను.

"పలికిందమ్మా."

హైమ పకపక నవ్వెను. మధ్యాహ్నము నాయుడు వచ్చి కుర్చీలో గూర్చుండి పూజాదినమున బెట్టిన యిరువదిమూడు పేరులును వరుసగా జెప్ప, నామె యొక్కటియు విడువక చేర్చెను.

"నా కంప్యూటరుకీ పేరుందా నాయుడూ?" అని భీమశంకరము కుతూహలముతో నడిగెను.

"ఉంది బాబూ."

"ఏంటది?"

"ఇప్పుడొద్దులెండి బాబూ."

హైమ యా పేరును దెరపై జదివి నవ్వాపుకొనలేక మొగము ద్రిప్పుకొనెను.

పాతసేవ యవసరము దీరినను అది యెరిగిన పేరుల యవసరము తీరదని యానా డచ్చటివార లెల్లరు నెరిగిరి. సాయంసమయమున వృద్ధయంత్రమును వెలుపలికి గొనిపోవుచుండ నాయుడు దానికి గడపటిబొట్టు పెట్టి, మిగిలిన కుంకుమను క్రొత్తసేవ నడపు యంత్రపు నుదుట దిద్దెను. వెలుపల గడపటి చెరకుబండి గంటలు మ్రోగించుచు గాటా దాటిపోయెను.